ఎర్రబండ కుంట సుందరమ్మ

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో, మూతపడిన కంకర మిషను దాటి ఎడమకు తిరిగితే ఎర్రబండ కుంట వస్తుంది. పేరుకు కుంటే గానీ చిన్నపాటి రిజర్వాయరంత ఉంటుంది. దాని కింద వరి పండిన పొలాలన్నీ ప్లాట్లయి, ప్లాట్లు ఇళ్ళయి, ఆ నీళ్ళతో ఎవరికీ పనిలేక కొన్నేళ్ళు అలాగే పడి ఉంది. నాలుగేళ్ళ కింద పురపాలక సంఘం వాళ్ళు పూడిక తీయించారు. ఒక పక్క మెట్లు కట్టించి, ఐదడుగుల లోతున్న చోట హద్దుగా తాడు లాగి, తాడుకు నీళ్ళ మీద తేలే నారింజ రంగు బుడ్డలు కట్టి, జనాన్ని ఈతకు రానిచ్చారు. అంతకు ముందు ఏడాది ఇద్దరు కాలేజీ పిల్లలు అవతలి గట్టు వైపు దిగి మునిగిపోయారు. ఆ తాడు వచ్చింది అందుకే.

ఆ కుంట గేటు దగ్గర టికెట్లు చింపే పనికి వచ్చిన మనిషి సుందరమ్మ. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. నవ్విందంటే మెట్ల మీద కూర్చున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఒక మందుల కంపెనీ ల్యాబులో సీసాలు కడిగింది. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాక మానేసింది. భర్త ప్రభుదాసు శామీర్‌పేట, తుర్కపల్లి మధ్య షేరాటో నడుపుతాడు. ఒక్కతే కూతురు రేచల్, నర్సింగు చదువుతోంది. శామీర్‌పేటలో చర్చి వెనక సందులో వాళ్ళ ఇల్లు.

టికెట్లు చింపే సుందరమ్మ నీళ్ళ పెత్తందారు ఎలా అయిందో మా కాలనీలో అందరికీ తెలుసు. కుంట తెరిచిన మొదటి నెలలో ఒకాయన నీళ్ళ పరీక్షకని సీసాలు పట్టుకొచ్చాడు. మెట్ల మీద వంగి, ఒడ్డున తేలుతున్న నురుగు పక్కనే సీసా ముంచి, మూత బిగించబోయాడు. వెనక నుంచి సుందరమ్మ గొంతు వినిపించింది.

"ఆగు సారూ! మూత లోపల ఏలు పెట్టినవు. ఇగ గా సీసల ఉన్నది కుంట నీళ్ళు గాదు, నీ ఏలు కడిగిన నీళ్ళు."

ఆయనకు కోపం వచ్చింది. "నీకేం తెలుసమ్మా?"

"పద్దెనిమిదేండ్లు గవే సీసలు కడిగిన. ఒడ్డు కాడ కాదు సారూ, మోకాలు మునిగే దాకా లోపలికి పోవాలె. సీస బోర్లించి ముంచి, మోచేతి లోతుల తిప్పాలె. తిప్పినంక లోపల గాలి కొంచెం ఉండనియ్యాలె. నన్నడుగు, నేను జెప్త."

అప్పుడే అక్కడికి వచ్చిన మున్సిపల్ ఇంజనీరు పార్వతీదేవి ఇదంతా విన్నది. నవ్వాపుకుంటూ సుందరమ్మ చేతికే సీసా ఇచ్చి "ఏదీ, మీరు తీసి చూపించండి" అంది. సుందరమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మోకాళ్ళ దాకా దిగి, సీసాను పసిపిల్లను పట్టినట్టు పట్టుకుని నీళ్ళు తెచ్చింది. ఆ వారం నుంచి సీసాలు ఆమెవే. టికెట్ల పని ఇంకొకరికి పోయింది.

ప్రతి గురువారం పొద్దున్నే ఆమె మూడు చోట్ల నీళ్ళు తీసేది. ఐసు పెట్టిన డబ్బాలో సీసాలు సర్దుకుని బస్సెక్కి, సిటీలో ల్యాబుకు అప్పగించి వచ్చేది. శనివారం పొద్దుటికి ఫోనులో లెక్క చెప్పేవాళ్ళు. మనుషుల కడుపులోంచి, పశువుల కడుపులోంచి వచ్చే క్రిములు ఆ నీళ్ళలో ఎన్ని ఉన్నాయో ఆ లెక్క చెబుతుంది. వంద మిల్లీలీటర్లలో ఐదు వందల లోపుంటే దిగొచ్చు. దాటితే పుండ్లున్నవాళ్ళు, చంటిపిల్లలు వద్దు, మిగతావాళ్ళు నీళ్ళు మింగకుండా జాగ్రత్తగా ఉండాలి. రెండున్నర వేలు దాటిందా, గేటు మూతే. ఒకసారి మూశాక, మళ్ళీ ఐదు వందల లోపుకు దిగితే గానీ తెరవరు.

అది కాక రోజూ ఆమె సొంత పరీక్ష ఒకటుండేది. అన్నం తినే తెల్ల పింగాణీ పళ్ళేనికి బెజ్జం వేయించి, మూరమూరకూ ముడులున్న తాడు కట్టి నీళ్ళలోకి వదిలేది. మూడు ముడులు మునిగే లోపే పళ్ళెం మాయమైతే ఆ రోజు ఈత లేదు. "గంత పెద్ద పళ్ళెం కనవడకపోతే, అడుగున వడ్డ మనిషి శివకు ఎట్ల కనవడ్తడు?" అనేది. శివ అంటే అక్కడి లైఫ్‌గార్డు. కుత్బుల్లాపూర్ నుంచి బండి మీద వస్తాడు.

ఏ రోజు సంగతి ఆ రోజు గేటు పక్కన నల్లబోర్డు మీద రాసేది. ఇంజనీరమ్మ ఇచ్చిన నమూనాలో 'నీటి నాణ్యత: సంతృప్తికరం' అని ఉండేది. సుందరమ్మ అలా రాయలేదు. 'ఇయ్యాల నీళ్ళు మంచిగున్నయి. తాడు దాటకుర్రి' అని రాసింది. వాన పడ్డ మర్నాడు 'ఊరంత కడిగిన నీళ్ళు కుంటలకే వచ్చినయి. రెండు దినాలు ఆగుర్రి' అని రాసింది. 'తాగొచ్చినోళ్ళు ఒడ్డు మీదనే కూసోని పాటలు పాడుకోండ్రి' అని ఒక ఆదివారం రాస్తే దాన్ని ఫోటో తీసుకోని వాళ్ళు లేరు. జనం కుంటకు రాకముందే బోర్డు మీద ఏముందో ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

ఆ బోర్డును అసలు లెక్కచేయని మనిషి ఒక్కడే, వెంకటేశ్వరరావుగారు. తపాలా శాఖలో చేసి రిటైరయ్యాడు. సొంతూరు భీమవరం పక్కన. దుండిగల్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే స్కూటరు మీద కుంటకు వచ్చి, తాడు కిందినుంచి దూరి అవతలి గట్టు దాకా ఈది వచ్చేవాడు.

"సారూ, తాడు మీ కోసం గాదా?" అని సుందరమ్మ అరిచేది.

"ఏవమ్మా, నేను నడక నేర్చింది ఈత తర్వాతండీ! మా కాలవలో వరదప్పుడు ఈదినవాణ్ణి. ఈ గుంటో లెక్కా?"

ఒక రోజు ఆయన తాడుకు అవతల ఉండగా పిక్క పట్టేసింది. శివ టీ తాగడానికి వెళ్ళాడు. సుందరమ్మ చూసింది. అరవలేదు. గేటు పక్కన తాడు కట్టి పెట్టిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్ తీసుకుని నీళ్ళ అంచు దాకా పరిగెత్తి, గిరగిరా తిప్పి విసిరింది. అది సరిగ్గా ఆయన ముందు పడింది. ఆయన దాన్ని వాటేసుకున్నాడు. సుందరమ్మ తాడు లాగి ఒడ్డుకు చేర్చింది.

మెట్ల మీద కూర్చుని పిక్క నొక్కుకుంటూ ఆయన అన్నాడు, "నేనే వచ్చేద్దునండీ. మీరు సరదాపడి విసిరారు కదా అని పట్టుకున్నాను."

"మంచిది సారూ. రేపు సుత సరదాగ తాడు లోపటనే ఈదుర్రి."

మర్నాడు ఆయన తాడు లోపలే ఈదాడు. మూడో నాటికి మళ్ళీ దాటాడు.

మొన్న మాఘమాసంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, సుందరమ్మ జీవితంలో పెద్ద చిక్కు వచ్చిపడింది. వాళ్ళ చర్చిలో పన్నెండు మందికి బాప్తిస్మం ఇవ్వడానికి పాస్టరు శామ్యూలుగారు ఒక ఆదివారం ఖాయం చేశారు. ఆ పన్నెండు మందిలో రేచల్ ఒకతె. వాళ్ళ సంఘంలో నీళ్ళలో పూర్తిగా ముంచి ఇస్తారు. దాని కోసం ఆ పొద్దున ఎర్రబండ కుంటను ఒక గంటసేపు తమకు వదలమని ముందే అడిగి పెట్టుకున్నారు. అడిగి పెట్టింది సుందరమ్మే. తెల్లబట్టలు కుట్టించారు. తూప్రాన్ నుంచి ప్రభుదాసు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు శుక్రవారమే దిగారు. ఇల్లంతా పరుపులే.

శనివారం పొద్దున ఇంటినిండా చుట్టాల మధ్య, పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతుండగా ల్యాబు నుంచి ఫోను వచ్చింది. సుందరమ్మ ఒక చేత్తో గరిటె తిప్పుతూనే విన్నది. తర్వాత గరిటె ఆగిపోయింది.

"ఎంత? మల్లొక్కసారి జెప్పుర్రి... మూడు సీసలల్ల సుత గంతేనా?"

నాలుగు వేల ఎనిమిది వందలు. ఉప్మా అడుగంటింది.

ప్రభుదాసు వచ్చి స్టవ్ ఆపేశాడు. ఆమె మొహం చూసి "ఏమైందే?" అన్నాడు. చెప్పింది. ఆయన చుట్టాలున్న గది తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "వానల్లేవు. నీళ్ళు అద్దం లెక్క ఉన్నయి. గా ఫోను నీకొక్కదానికే వచ్చింది. సోమారం రాస్తే ఏమైతది?"

ఆ ఒక్క మాటా తనను ఎంత కుదిపిందో సుందరమ్మ తర్వాత నాతో చెప్పింది. "ఆయన తప్పన్లేదు. నేను సుత గదే అనుకున్న. ఒక్క గంట గదా, ముంచి లేపుడే గదా అనుకున్న. మల్ల పన్నెండు మంది మొకాలు యాదికొచ్చినయి. అండ్ల ఒకామెకు షుగరు, కాలికి పుండు. ముంచితె నోట్లెకు, ముక్కులకు పోతయి గదా నీళ్ళు. వేరేటోళ్ళకు ఆపి నా బిడ్డకు ఎట్ల వదుల్త?"

ఆమె ఉప్మా గిన్నె దించి, చెప్పులేసుకుని, తిన్నగా కుంటకు వెళ్ళింది. ఎర్ర సుద్దతో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'నీళ్ళు తేటగ కనవడ్తున్నయి గని మంచిగ లెవ్వు. ఎవ్వరు దిగొద్దు. అడిగితె లెక్క చూపిస్త.'

అక్కడి నుంచి పాస్టరుగారి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని మర్నాటి ప్రసంగం రాసుకుంటున్నారు.

"వందనాలు అయ్యగారూ. రేపు కుంటల బాప్తిస్మం కుదరదు."

శామ్యూలుగారు కళ్ళజోడు తీశారు. "నిన్న సాయంత్రమే చూసొచ్చిన సుందరమ్మా. అడుగున రాళ్ళు సుత కనవడ్తున్నయి."

"రాళ్ళు కనవడ్తయి అయ్యగారూ. క్రిములు కనవడయి."

అప్పటికే అక్కడున్న ఇద్దరు సంఘ పెద్దలకు కోపం వచ్చింది. ప్రార్థన చేసిన నీళ్ళు ఏం చేస్తాయని ఒకాయన అడిగాడు. దేవుని పనికి అడ్డం వస్తున్నావని ఇంకొకాయన అన్నాడు. సుందరమ్మకు ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్ళ సీసాల పనిలో గానీ, మోకాళ్ళ నొప్పుల్లో గానీ ఏడవని మనిషి, పాస్టరుగారి వరండాలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

శామ్యూలుగారు పెద్దల వైపు చెయ్యెత్తి ఆగమన్నారు. "రేపు బాప్తిస్మం తీసుకునేటోళ్ళల్ల ఈమె బిడ్డ ఉన్నది. ఈమెకు లేని తొందర మనకెందుకు?" అని లేచి నిలబడ్డారు. "కుంటనే గావాలని ఏం లేదు. నిండ నీళ్ళు గావాలె, అంతే. యాడున్నయో ఎతుకుదాం."

వెతకడానికి ప్రభుదాసు ఆటోనే పనికొచ్చింది. ఆయనా, పాస్టరుగారూ మధ్యాహ్నం దాకా తిరిగారు. ఒక రిసార్టువాళ్ళు తమ ఈతకొలనుకు తెల్లబట్టలతో రావద్దన్నారు. ఇంకొకచోట నీళ్ళే లేవు. చివరికి కరీంనగర్ రోడ్డు మీద ఒక మొక్కల నర్సరీలో బోరు నీళ్ళు నింపే సిమెంటు హౌజు కనిపించింది. నడుం పైదాకా లోతు, పదిమంది పట్టేంత వెడల్పు. నర్సరీ ఆవిడ లక్ష్మీకాంతమ్మ సంగతంతా విని, "దానికేముందయ్యా, పొద్దుగూకేలోపు హౌజు ఖాళీ చేయించి రుద్దిస్తా. కొత్త నీళ్ళు నింపిస్తా. మొక్కలు మాత్రం తొక్కకండి" అంది.

ఆదివారం పొద్దున సుందరమ్మ మాత్రం కుంట గేటు దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు జనం ఎక్కువ. శివకు తోడు రావలసిన మనిషి తొమ్మిదికి గానీ రాడు. బోర్డు చూసి వెనక్కి పోయేవాళ్ళు పోయారు, వాదించేవాళ్ళు వాదించారు. దుండిగల్ కాలేజీ కుర్రాళ్ళు కొందరు "ఆంటీ, మాకేం కాదు" అన్నారు. "మీకేం గాదు బిడ్డా, మీ అమ్మకు అయితది పరేషాన్" అని ఆమె వాళ్ళను పంపించేసింది. తొమ్మిదింబావుకు తోడుమనిషి వచ్చాడు. ఆమె బయటికి పరిగెత్తేసరికి ప్రభుదాసు ఆటో ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాడు.

"జల్ది ఎక్కు! పదకొండు మంది అయిపోయిన్రు. రేచల్ నువ్వొచ్చేదాక దిగనంటాంది. అయ్యగారు నీళ్ళల్ల నిలవడి వణుకుతున్నడు."

నర్సరీకి చేరేసరికి నిజంగానే శామ్యూలుగారు పళ్ళు టకటకలాడిస్తూ హౌజులో నిలబడి ఉన్నారు. బోరు నీళ్ళు మామూలుగా గోరువెచ్చగా రావాలి. రాత్రంతా ఆరుబయట ఉండి మాఘమాసపు చలికి మంచులా చల్లబడ్డాయి. అప్పటికే బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని బంతి మొక్కల మధ్య ఎండలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ పైకి లేచినప్పుడు 'హల్లెలూయా' అని అరిచిన అరుపుకు రోడ్డు మీద బస్సులో వాళ్ళు కూడా తొంగిచూశారట.

తల్లిని చూడగానే రేచల్ మెట్టు దిగింది. నీళ్ళు నడుముకు తగలగానే "అమ్మో!" అంది. అందరూ నవ్వారు. శామ్యూలుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి మాటలు చెప్పి, వెనక్కి వంచి ముంచి లేపారు. రేచల్ మొహం మీది నీళ్ళు తుడుచుకోకుండానే, హౌజు గట్టు మీదికి వంగి తల్లిని వాటేసుకుంది. సుందరమ్మ చీర ముందు భాగమంతా తడిసిపోయింది. "నీళ్ళు మంచిగున్నయా అమ్మా?" అని రేచల్ చెవిలో అడిగితే, సుందరమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఇక వెంకటేశ్వరరావుగారి సంగతి. బుధవారం పొద్దున ఆయన భార్య కామేశ్వరమ్మగారు ఆటోలో కుంటకు వచ్చింది. బోర్డు ముందు నిలబడి దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత సుందరమ్మను పిలిచింది.

"మీరేనా సుందరమ్మగారంటే? మా ఆయన ఆదివారం ఇక్కడ ఈదాడు. అవతలి గట్టు నుంచి దిగాట్ట. ఆ రోజు రాత్రి మొదలైన విరేచనాలు నిన్నటికి గానీ కట్టలేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీకు చెప్పకపోతే ఎలాగని వచ్చాను."

సుందరమ్మ నవ్వలేదు. "సారు ఎట్లున్నరమ్మా ఇప్పుడు? డాక్టరుకు చూపెట్టిన్రా? ఓఆర్ఎస్ నీళ్ళు తాపుతున్రా?" అని అడిగింది. అన్నీ విని, ఇక భయం లేదని తెలిశాక, అప్పుడు నవ్వింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

శుక్రవారం వెంకటేశ్వరరావుగారు తానే వచ్చాడు. నాలుగు కిలోలు తగ్గాడు. స్కూటరు స్టాండు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇదుగో సుందరమ్మగారూ, మీ లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది. ఇప్పుడు నా ప్రశ్నొకటి. వానల్లేకుండా ఈ చెత్త ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

"గదే నేను ఎతుకుతున్న సారూ. వస్తరా?"

కుంటలోకి నీళ్ళు తెచ్చే కాలువ ఒక్కటే. ఎండాకాలం దగ్గరపడేకొద్దీ సన్నటి పాయగా పారుతుంది. ఆ కాలువ గట్టెమ్మట వాళ్ళిద్దరూ నడిచారు. ముందు సుందరమ్మ, సీసాల డబ్బాతో. వెనక వెంకటేశ్వరరావుగారు, గొడుగుతో, నోటుపుస్తకంతో. తుమ్మముళ్ళు, ప్లాస్టిక్ సంచులు, గేదెలు. నాలుగు చోట్ల నీళ్ళు తీసి, ప్రతి సీసా మీదా చోటు, సమయం రాశారు. ఎక్కడెక్కడ ఆగారో ఆయన పుస్తకంలో బొమ్మ గీశాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

లెక్క వచ్చాక ఇక వెతకాల్సింది లేకపోయింది. పై రెండు సీసాల్లో మూడు వందల లోపే. ఒక కల్వర్టు దాటిన తర్వాత తీసిన సీసాలో మాత్రం లెక్క పదిహేను వేలు దాటింది. మళ్ళీ అక్కడికే వెళ్ళారు. కల్వర్టు పక్కన ఎండిన మామిడికొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. పెళ్ళిపందిరి తీసి పారేసినవి. వెంకటేశ్వరరావుగారు గొడుగు కొనతో కొమ్మలు జరిపాడు. కింద లావుపాటి గొట్టం. దానిలోంచి నల్లటి నీళ్ళు చుక్కచుక్కగా కాలువలోకి పడుతున్నాయి. గొట్టం వెంట చూస్తే, గోడ అవతల ఫంక్షన్ హాలు.

మేనేజరు పరమేష్ అనే కుర్రాడు. అతను నిజంగానే తెల్లబోయాడు. "నేను చేరి మూడు నెలలాయె మేడమ్. సెప్టిక్ ట్యాంకు నిండితే పొంగకుండా ఏదో గొట్టం ఉన్నదన్నరు గని, అది యాడికి పోతదో నాకు తెల్వదు. ఈ నెలల ఇరవై పెండ్లిలాయె."

"ఇరవై పెండ్లిల భోజనాలు మా కుంటకొచ్చినయి బిడ్డా" అంది సుందరమ్మ.

ఆ సాయంత్రం వెంకటేశ్వరరావుగారు అర్జీ రాశాడు. ముప్పై ఆరేళ్ళ తపాలా ఉద్యోగంలో నేర్చిన విద్యంతా అందులో పెట్టాడు. బొమ్మ, లెక్కలు, తేదీలు, ఫోటోలు, చివర రెండు సంతకాలు. సుందరమ్మ తన పేరు పక్కన 'నీళ్ళ పరీక్ష' అని రాసుకుంది. పార్వతీదేవి దాన్ని చదివి మర్నాడే కల్వర్టు దగ్గరికి వచ్చింది. వారం తిరిగేలోగా గొట్టానికి సిమెంటు పడింది. హాలు యజమాని పెద్ద ట్యాంకు కట్టించుకునేదాకా, నిండకముందే ఖాళీ చేయించి బండిలో శుద్ధి కేంద్రానికి పంపుతానని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు.

అయినా నీళ్ళు ఒక్క రోజులో బాగుపడవు. గొట్టం మూశాక కూడా కుంట ఐదు వారాలు మూసే ఉంది. అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. రోజూ జనం గేటు దాకా వచ్చి, ఎర్రసుద్ద రాత చూసి, సుందరమ్మ మీద విసుక్కుని పోయేవాళ్ళు. ఆమె బోర్డు మీద ప్రతి శనివారం లెక్క రాసేది. నాలుగు వేల ఎనిమిది వందలు మూడు వేలయింది, పద్దెనిమిది వందలయింది, పదకొండు వందలయింది, ఏడు వందలయింది. విసుక్కునేవాళ్ళు మెల్లగా క్రికెట్ స్కోరు అడిగినట్టు అడగసాగారు. "ఆంటీ, ఎంతకొచ్చింది?" అని ఆటోలోంచి అరిచి పోయేవాళ్ళు. ఐదో శనివారం రెండు వందల పది. ఆ రోజు ప్రభుదాసు తన ఆటో వెనక అద్దం మీద 'కుంట తెరిచిన్రు' అని కాగితం అంటించుకుని తిరిగాడు.

తెరిచిన పొద్దున అందరికంటే ముందు దిగింది వెంకటేశ్వరరావుగారు. తాడు లోపలే ఈదాడు. ఒడ్డున కామేశ్వరమ్మగారు, సుందరమ్మ కూర్చుని చూస్తున్నారు.

"నలభై ఏళ్ళుగా ఈయన ఈత చూస్తున్నాను" అంది కామేశ్వరమ్మగారు. "నన్నెప్పుడైనా నీళ్ళలోకి రమ్మన్నాడేమో అడగండి. మీరేం అదృష్టవంతులు, రోజూ ఈదొచ్చు."

సుందరమ్మ పక్కనెవరూ లేరని చూసి, "నాకు రాదమ్మా" అంది.

"ఏవిటీ?"

"ఈత రాదు. మోకాలు దాటి ఎన్నడు దిగలే. శివ నాకు లైఫ్ జాకెట్టు తొడిగితే గని మూడో మెట్టు దిగనియ్యడు."

కామేశ్వరమ్మగారు ఆమె మొహంలోకి చూసి, గట్టిగా నిర్ణయానికొచ్చిన మనిషిలా చెంగు బిగించింది. "అయితే ఇద్దరం నేర్చుకుందాం."

అలా మొదలైంది ఎర్రబండ కుంటలో ఆడవాళ్ళ గంట. పదింటి నుంచి పదకొండింటి దాకా మగవాళ్ళెవరూ లోపలికి రాకూడదు. వెంకటేశ్వరరావుగారి కాలనీలో ఉండే నవ్యశ్రీ యూనివర్సిటీ జట్టుకు ఈదిన పిల్ల. ఆమె నేర్పడానికి ఒప్పుకుంది. మొదటి రోజు వచ్చింది నలుగురే. సుందరమ్మ, కామేశ్వరమ్మగారు, నర్సరీ లక్ష్మీకాంతమ్మ, సెలవులకు ఇంట్లో ఉన్న రేచల్. నెల తిరిగేసరికి ఇరవై ముగ్గురయ్యారు. చుడీదార్లు, నైటీలు, లెగ్గింగులు, నారింజరంగు జాకెట్లు. ఆ గంటలో అక్కడ వినిపించే నవ్వులకు రోడ్డు మీద పోయేవాళ్ళు బళ్ళు ఆపి, గేటు మూసి ఉండడం చూసి, మళ్ళీ బయల్దేరేవాళ్ళు.

సుందరమ్మకు మొదట్లో చాలా కష్టమైంది. తల నీళ్ళలో పెట్టమంటే కళ్ళు, ముక్కు, నోరు, పిడికిళ్ళు అన్నీ బిగించేది. "గాలి వదలండి ఆంటీ, బుడగలు రావాలి" అని నవ్యశ్రీ చెబితే, "నా పాణమే బుడగలైతాంది బిడ్డా" అనేది. వెల్లకిలా తేలడం నేర్పేటప్పుడు, వీపు కింద నవ్యశ్రీ చెయ్యి ఉందా లేదా అని నిమిషానికి పదిసార్లు అడిగేది. ఒక మంగళవారం, ఉందా అని ఆమె అడుగుతున్నప్పుడు, జవాబు ఐదడుగుల దూరం నుంచి వచ్చింది. ఆమె భయపడడం మర్చిపోయి ఆకాశం వైపు చూస్తూ అలాగే తేలింది. చెవులు నీళ్ళలో ఉంటే లోకమంతా దూరంగా వినిపించిందట. మోకాళ్ళ నొప్పి అసలు లేదట. "ఇరవై ఏండ్ల తర్వాత నా మోకాళ్ళు నన్ను యాది జెయ్యలే" అని ఆ రోజంతా చెప్పింది.

ఇప్పుడు దుండిగల్ వైపు ఇంకో కుంటవాళ్ళు ఆమెను పిలిచారు, తమ పిల్లలకు సీసా పట్టడం నేర్పమని. వారానికి ఒక పూట షేరాటోలో అక్కడికి వెళ్తోంది. మూత లోపల వేలు పెట్టినవాళ్ళ మీద అక్కడ కూడా అదే గొంతుతో అరుస్తోందని విన్నాను.

పోయిన ఆదివారం పొద్దుటి చర్చి అయిపోయాక ఆడవాళ్ళ గంటకు నేనూ వెళ్ళాను. సుందరమ్మ తాడు పట్టుకుని తేలుతోంది. నవ్యశ్రీ మెట్ల దగ్గర నిలబడి "రండి" అంది. మధ్యలో ఇరవై అడుగులుంటుంది. సుందరమ్మ తాడు వదిలింది. చేతులు కుక్కపిల్ల కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ, తల ఒక్కసారి కూడా ముంచకుండా, మూతి ఆకాశం వైపు పెట్టి, చాలా నీళ్ళు చిమ్ముతూ, మెల్లగా వచ్చింది. సగం దూరంలో ఆగిపోతుందేమో అనుకున్నాం. ఆగలేదు. మెట్టు చేతికి తగలగానే పట్టుకుని, రొప్పుతూ, ఒడ్డున ఉన్న మా అందరి వైపూ చూసింది.

"చూసిన్రా?" అంది. "రేచల్, చూసినవా? మల్లొకపారి పోతున్న, ఫోను తియ్యి."